ఏ చక్రం దేనితో ముడిపడి ఉంది? పాత ఫోర్‌వీల్ జీపు సర్వీసింగ్, టోయింగ్

పాత ఫోర్‌వీల్ డ్రైవ్ బండిలో ఇంజన్ శక్తి గేరుబాక్సు దాటగానే ట్రాన్స్‌ఫర్ కేస్ అనే మరో పెట్టెలోకి వస్తుంది. అక్కడ దారి రెండుగా చీలుతుంది. ఒక ప్రొపెల్లర్ షాఫ్ట్ వెనక్కి పోతుంది, ఇంకొకటి ముందుకి. ఒక్కో షాఫ్ట్ చివర ఒక డిఫరెన్షియల్, దానికి అటూ ఇటూ యాక్సిల్, కొసన చక్రం. ఈ దారి రెండు వైపులా నడుస్తుంది. ఇంజన్ చక్రాలను తిప్పినట్టే, రోడ్డు మీద దొర్లే చక్రం కూడా ఈ సామగ్రినంతా వెనక నుంచి తిప్పుతుంది. సర్వీసింగ్‌లో జరిగే పొరపాట్లకూ, చెడిన బండిని లాగేటప్పుడు జరిగే నష్టాలకూ చాలావరకు కారణం ఈ రెండో సంగతిని మరిచిపోవడమే.

ఈ అధ్యాయం లివర్‌తో ఫోర్‌వీల్ వేసే పాతకాలపు బండ్ల గురించి. 1940ల చివర మన దేశంలో బిగించడం మొదలైన విల్లీస్ జీపు, దాని వంశంలో 1980ల మధ్యలో వచ్చిన మహీంద్రా ఎంఎం 540, 1985లో వచ్చిన మారుతి జిప్సీ, 1996లో 1298 సీసీ ఇంజన్‌తో వచ్చిన జిప్సీ కింగ్ ఈ కోవలోవి. బొర్రా దగ్గర కటికి జలపాతానికి జనాన్ని ఎక్కించుకుపోయే జీపుల్లాంటివి ఇప్పటికీ ఇలాంటి ఇనుము మీదే బతుకుతున్నాయి. వీటిలో కంప్యూటర్ లేదు, తప్పు చేస్తే హెచ్చరించే దీపమూ లేదు. ఏ లివర్ ఎక్కడుందో చూసుకోవలసింది మనిషే.

లివర్ చెప్పే సంగతి

ట్రాన్స్‌ఫర్ కేస్ లివర్‌కు సాధారణంగా నాలుగు స్థానాలు: టూ హై, ఫోర్ హై, న్యూట్రల్, ఫోర్ లో. పాత విల్లీస్‌లో ఈ పనిని రెండు చిన్న రాడ్లు పంచుకుంటాయి. ఒకటి ముందు యాక్సిల్‌ను కలుపుతుంది, రెండోది హై, న్యూట్రల్, లో మారుస్తుంది. టూ హైలో శక్తి వెనక చక్రాలకే పోతుంది. ఫోర్‌వీల్ వేస్తే ముందు షాఫ్టూ వెనక షాఫ్టూ ఒకదానికొకటి బిగుసుకుని ఒకే వేగంతో తిరుగుతాయి. వాటి మధ్య తేడాను సర్దే డిఫరెన్షియల్ ఈ బండ్లలో ఉండదు.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాలకంటే ఎక్కువ దూరం తిరగాలి. బురదలో, ఇసుకలో చక్రం కొద్దిగా జారి ఆ తేడాను సర్దుకుంటుంది. ఎండిన తారురోడ్డు మీద జారే వీలులేదు. ఆ బిగువంతా షాఫ్టుల్లో, వాటి కీళ్లలోని క్రాసుల్లో, గేరు పళ్లలో పేరుకుంటుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది, టైర్లు కీచుమంటాయి, చివరికి లివర్ ఫోర్‌వీల్‌లోంచి బయటికి రానంటుంది. లివర్‌ను సుత్తితో కొట్టే డ్రైవర్లూ ఉన్నారు. అక్కర్లేదు. బండిని నాలుగైదు మీటర్లు నేరుగా వెనక్కి నడిపితే బిగువు వదిలి లివర్ దానంతటదే వచ్చేస్తుంది.

నాలుగు టైర్లూ ఒకే సైజు, దాదాపు ఒకే అరుగుదల ఉండాలనడానికి కూడా కారణం ఇదే. ముందు కొత్త టైర్లు, వెనక నున్నబడ్డవి వేస్తే నేరుగా నడుస్తున్నప్పుడు కూడా రెండు షాఫ్టుల లెక్క కలవదు. స్టెప్నీకి ఏదో ఒక పాత టైరు తగిలించుకు తిరిగే అలవాటు టూవీల్ డ్రైవ్ బండిలో చెల్లుతుందేమో కానీ, ఘాట్‌లో ఫోర్‌వీల్ అవసరమైన రోజున ఇక్కడ చెల్లదు.

నూనెలు

ఇంజన్ ఆయిల్ మార్చడం అందరికీ గుర్తుంటుంది. గేరుబాక్సు, ట్రాన్స్‌ఫర్ కేస్, ముందు వెనక డిఫరెన్షియల్‌లు, ఈ నాలుగూ ఏళ్ల తరబడి ఎవరి చెయ్యీ పడకుండా ఉండిపోతాయి. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పాత జీపుకు మొదటి పని ఈ నాలుగింటి నూనె దింపి చూడటం.

దింపే ముందు నింపే నట్టు విప్పాలి. ఈ వరస తప్పితే అసలు కష్టం ఎదురవుతుంది: కింది నట్టు తీసి నూనెంతా పారబోశాక పైది తుప్పుపట్టి కదలదు. అప్పుడు బండి ఉన్నచోటే ఉండిపోతుంది. దిగిన నూనెను కాసేపు వెలుతురులో చూడాలి. అయస్కాంతపు నట్టుకు బూడిదలాంటి మెత్తటి పేస్టు అంటుకుని ఉంటే అది మామూలు అరుగుదల. గోటికి తగిలే ముక్కలుంటే ఏదో పన్నో బేరింగో విరుగుతోందన్నమాట. నూనె మజ్జిగ రంగులో ఉంటే లోపలికి నీళ్లు చేరాయి.

నీళ్లు ఎలా చేరతాయన్నది తెలుసుకోదగ్గ విషయం. చాలాసేపు నడిచిన బండిలో డిఫరెన్షియల్ వేడెక్కి లోపలి గాలి వ్యాకోచించి ఉంటుంది. అలాగే వాగులోకి దిగితే చల్లటి నీళ్లు తగిలి ఆ గాలి ఒక్కసారిగా కుంచించుకుపోతుంది, లోపల పీల్పు పుడుతుంది. యాక్సిల్ మీద ఉండే చిన్న గాలి గొట్టం బురదతో పూడిపోయి ఉంటే గాలికి దారి దొరకదు. అప్పుడు ఆయిల్ సీల్ అంచుల్లోంచి నీళ్లు లోపలికి వస్తాయి. అందుకే వాగు ముందు బండిని కొంతసేపు ఆపి చల్లారనివ్వాలి, సర్వీసింగ్‌లో ఆ గొట్టాన్ని ఊదించాలి. లోతు నీళ్లలో ఎక్కువగా తిరిగే బండికి ఆ గొట్టానికి రబ్బరు పైపు తగిలించి ఇంజన్ గదిలో ఎత్తుకు చేర్చడం చవకైన మంచి మార్పు. డ్రమ్ బ్రేకుల్లో చేరిన నీళ్లకు మందు వేరు. గట్టు ఎక్కాక పెడల్‌ను తేలిగ్గా నొక్కి పట్టి కొంతదూరం నడిపితే ఆ వేడికి అవి ఆరతాయి.

ఏ నూనె పోయాలన్న దగ్గర ఒక అపోహ ఉంది. డబ్బా మీద జీఎల్-5 అని ఉంటే జీఎల్-4 కంటే మేలురకమని, అన్నిటికీ అదే పోసేస్తుంటారు. డిఫరెన్షియల్‌లో క్రౌన్, పినియన్ పళ్లు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ తిరుగుతాయి కనుక అక్కడ జీఎల్-5 కావాలి. గేరుబాక్సులోని సింక్రో రింగులు ఇత్తడివి. జీఎల్-5లో ఎక్కువ పాళ్లలో ఉండే గంధకపు రసాయనాలు ఇత్తడికి పడవని పాత గేరుబాక్సులకు జీఎల్-4 వాడతారు. బండితో వచ్చిన పుస్తకం దొరికితే దాని మాటే చివరి మాట.

విల్లీస్ వంశపు జీపుల్లో గేరుబాక్సుకూ ట్రాన్స్‌ఫర్ కేస్‌కూ నడుమ సీల్ అరిగితే ఒకదానిలోని నూనె రెండోదానిలోకి పోతుంది. ఒకటి ఎండుతుంది, ఇంకొకటి పొంగి కారుతుంది. కారేదాన్ని చూసి అక్కడ నూనె ఎక్కువగా ఉందిలే అని ఊరుకుంటే ఎండినదాని బేరింగులు పోతాయి. ఈ రెంటి మట్టాలనూ ఎప్పుడూ కలిపే చూడాలి.

ముందు యాక్సిల్

వెనక యాక్సిల్‌కంటే ముందుది సున్నితం, ఎందుకంటే అది తిప్పాలి, తిరగాలి కూడా. పాత జీపుల్లో, జిప్సీలో చక్రం వెనక గోళం ఆకారపు ఇనుప గుల్ల ఉంటుంది. దాని పైనా కిందా కింగ్‌పిన్ బేరింగులు, లోపల యాక్సిల్ జాయింటు. ఆ గుల్ల వెనక అంచున ఉన్న ఫెల్టు, రబ్బరు సీల్ మట్టిని ఆపుతుంది. గుల్ల బయట చిక్కటి గ్రీజు పొర కొద్దిగా కనిపించడం సహజం. పల్చగా నూనె కారుతుంటే లోపలి ఆయిల్ సీల్ పోయి డిఫరెన్షియల్ నూనె గ్రీజులో కలుస్తోందని అర్థం. పై సీల్ ఒక్కటే మార్చి పంపితే నెల తిరక్కుండా బండి మళ్లీ వస్తుంది.

యాభై, అరవై కిలోమీటర్ల వేగంలో ఒక గుంత తగలగానే స్టీరింగ్ గజగజ ఊగడం మొదలై, బండి దాదాపు ఆగేదాకా తగ్గకపోతే సాధారణంగా టైర్ బ్యాలెన్సింగ్‌కు పంపుతారు. అదీ చూడాల్సిందే కానీ, ముందుగా అనుమానించాల్సింది కింగ్‌పిన్ బేరింగులను. జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట తెలుస్తుంది. అదే సమయంలో ఇంకొకరు బ్రేకు నొక్కి పట్టాలి. బ్రేకు నొక్కినా ఆట పోకపోతే అది కింగ్‌పిన్‌ది, పోతే వీల్ బేరింగుది. రెంటినీ వేరుచేసి చూపే ఈ చిన్న పరీక్షకు పైసా ఖర్చు లేదు. కింగ్‌పిన్ అయితే పల్చటి షిమ్ రేకులు తీసి బిగువు సర్దుతారు, అరిగితే బేరింగులే మారుస్తారు.

కొన్ని బండ్లకు ముందు చక్రాల మధ్యలో చేత్తో తిప్పే ఫ్రీ వీలింగ్ హబ్‌లుంటాయి. ఫ్రీలో పెడితే చక్రం తిరిగినా యాక్సిల్, ముందు షాఫ్ట్ తిరగవు. డీజిల్ కొద్దిగా మిగులుతుంది, కానీ నెలల తరబడి ఫ్రీలోనే ఉంచితే యాక్సిల్ జాయింట్లకు గ్రీజు అందదు, హబ్ లోపల తుప్పు పడుతుంది. నెలకోసారి లాక్‌లో పెట్టి పది పదిహేను కిలోమీటర్లు టూ హైలోనే తిప్పుకురావాలి.

కింద పడుకుంటే కనబడేవి

గ్రీజు గన్‌తో క్రాసులకు, షాకిళ్లకు, స్టీరింగ్ జాయింట్లకు గ్రీజు పెట్టడం పాత బండికి ప్రాణం. కొత్త గ్రీజు లోపలికి వెళ్లి పాతది నాలుగు అంచుల్లోంచీ బయటికి రావాలి. క్రాసులో ఒక అంచు నుంచి రాకపోతే ఆ గిన్నెలోని సూది బేరింగులు ఎండిపోతున్నాయన్నమాట. యాక్సిలరేటర్ తొక్కినప్పుడూ వదిలినప్పుడూ కింద టక్కుమంటే చాలావరకు అదే.

కమాను పట్టీల్లో విరిగిన పట్టీ తొందరగానే కనబడుతుంది. కనబడనిది సెంటర్ బోల్టు. అది తెగితే యాక్సిల్ పట్టీ మీద ముందుకో వెనక్కో జరుగుతుంది, బండి ఒకవైపు లాగుతుంది. అలైన్‌మెంట్ ఎన్నిసార్లు చేయించినా కుదరదు. యు-బోల్టులు వదులైన బండికే సెంటర్ బోల్టు తెగుతుంది కనుక కొత్త పట్టీ వేయించాక కొన్ని వందల కిలోమీటర్లకు యు-బోల్టులు మళ్లీ బిగించాలి. పాత పట్టీలకు వంపు మళ్లీ తీయించడం విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల తెలిసిన పనే. సముద్రతీరపు ఇసుకలో తిరిగొచ్చిన బండిని ఆ రోజే మంచినీళ్లతో అడుగంతా కడగాలి. ఉప్పు మర్నాటి దాకా ఆగదు.

ఇక హ్యాండ్‌బ్రేకు. విల్లీస్ వంశపు పాత జీపుల్లో అది చక్రాల మీద ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను పట్టి ఆపే డ్రమ్ మీద ఉంటుంది. బండిని ఆపుతుంది కానీ డిఫరెన్షియల్ ద్వారానే. ఒక వెనక చక్రాన్ని జాకీతో లేపితే ఆ చక్రం గాల్లో ఒకవైపు తిరుగుతుంది, నేల మీదున్నది రెండోవైపు దొర్లుతుంది, షాఫ్ట్ మాత్రం కదలదు. హ్యాండ్‌బ్రేకు పూర్తిగా లాగి ఉన్నా బండి జాకీ మీంచి జారిపోతుంది. ఇలాంటి బండికి జాకీ పెట్టేముందు నేల మీద ఉండే చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టడం తప్పనిసరి.

బండి ఆగిపోతే

చెడిన బండిని మోకుతో కట్టి లాగబోయే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: నేల మీద దొర్లే చక్రాలు లోపల దేన్ని తిప్పుతాయి?

గేరు న్యూట్రల్‌లో ఉంది కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. లివర్ టూ హైలో, గేరు న్యూట్రల్‌లో ఉన్న బండిని లాగితే వెనక చక్రాలు షాఫ్ట్‌ను తిప్పుతాయి, షాఫ్ట్ ట్రాన్స్‌ఫర్ కేస్‌ను తిప్పుతుంది, అది గేరుబాక్సులోని మెయిన్ షాఫ్ట్‌ను తిప్పుతుంది. ఇంజన్ ఆగి ఉంది కనుక కింద నూనెలో మునిగి ఉండే లే షాఫ్ట్ మాత్రం కదలదు. మామూలుగా నూనెను పైకి చిమ్మేది ఆ లే షాఫ్టే. అంటే పైన ఉన్న మెయిన్ షాఫ్ట్, తన మీది గేర్లు కదలకుండా ఉండగా, వాటి లోపల నూనె లేకుండా తిరుగుతుంటుంది. ఊళ్లోని మెకానిక్ షెడ్డు దాకా అయితే ఏమీ కాదు. పాడేరు ఘాట్ దిగి విశాఖపట్నం దాకా అంటే అక్కడి బేరింగులు కాలిపోతాయి. ఇంజన్ చెడిన బండికి గేరుబాక్సు ఖర్చు కూడా తోడవుతుంది.

ట్రాన్స్‌ఫర్ కేస్ లివర్‌ను న్యూట్రల్‌లో పెడితే గేరుబాక్సు ఈ గొడవలోంచి తప్పుకుంటుంది. అయినా ట్రాన్స్‌ఫర్ కేస్ బయటి షాఫ్టులు తిరుగుతూనే ఉంటాయి. ముందు హబ్‌లు ఫ్రీలో పెడితే ముందువైపు తిరిగేది ఏమీ ఉండదు. వెనక షాఫ్ట్ విప్పేస్తే వెనకవైపూ అంతే. పది కిలోమీటర్లు దాటే ప్రయాణానికి ఈ రెండూ చేయడం మేలు. విప్పేముందు షాఫ్ట్ అంచుకూ, అది బిగిసే ఫ్లాంజికీ కలిపి పెయింటుతో ఒక గీత గీయాలి, మళ్లీ అదే స్థానంలో బిగించడానికి. క్రాస్ గిన్నెలు ఊడి సూదులు రాలకుండా టేపు చుట్టాలి. ట్రాన్స్‌ఫర్ కేస్‌లోకి దూరే రకపు షాఫ్ట్ అయితే తీసిన చోట నూనె కారకుండా మూత పెట్టాలి.

ఇప్పుడు ఆ హ్యాండ్‌బ్రేకు సంగతి మళ్లీ గుర్తుకు రావాలి. షాఫ్ట్ విప్పిన పాత జీపులో డ్రమ్ బ్రేకు పట్టుకోవడానికి ఏమీ లేదు. గేర్లో పెట్టి వదిలేసినా, ట్రాన్స్‌ఫర్ కేస్ న్యూట్రల్‌లో ఉంటే, బండి ఆగదు. షాఫ్ట్ విప్పేముందే చక్రాలకు రాళ్లు పెట్టి, ఇంకో బండికి కట్టాకే అవి తీయాలి.

ముందు చక్రాలు ఎత్తి వెనకవి దొర్లించే క్రేన్‌తో లాగినా లెక్క ఇదే. లివర్ ఫోర్‌వీల్‌లో ఉండిపోతే వెనక చక్రాలు ముందు వాటిని కూడా తిప్పాలని చూస్తాయి. పైన బిగించి కట్టిన చక్రం తిరగలేదు, లోపల ఏదో ఒకటి విరుగుతుంది. డ్యాష్‌బోర్డు మీది స్విచ్‌తో ఫోర్‌వీల్ పడే తర్వాతి కాలపు బండ్లలో చాలావాటికి డ్రైవర్ చేతికందే న్యూట్రల్ ఉండదు. నాలుగు చక్రాలూ ఎప్పుడూ నడిచే రకాలూ ఉన్నాయి. వాటిని నాలుగు చక్రాలూ పైకెత్తి ఫ్లాట్‌బెడ్ లారీ మీదే తరలించాలి. నిజానికి లారీ దొరికితే పాత జీపుకు కూడా అదే మేలు.

రోడ్డు మీద మోకుతో

1989 నాటి రోడ్డు నియమాలు మోకుతో లాగడానికి స్పష్టమైన హద్దులు పెట్టాయి. రెండు బండ్ల మధ్య దూరం 5 మీటర్లు మించకూడదన్నాయి. వేగం గంటకు 24 కిలోమీటర్లు దాటకూడదన్నాయి. లాగబడే బండి సీట్లో లైసెన్సు ఉన్న డ్రైవర్ కూర్చోవాలన్నాయి. మోకు ఇతరులకు కనబడేలా ఉండాలి, వెనక బండికి తెల్లటి పలక మీద నల్లటి పెద్ద అక్షరాలతో ‘ఆన్ టో’ అని రాసి తగిలించాలన్నాయి. 2017లో కొత్త నియమాలు వచ్చినా ఈ హద్దుల వెనక తర్కం పాతబడలేదు. వేగం ఇరవై దాటితే, ముందు బండి అకస్మాత్తుగా ఆగినప్పుడు ఐదు మీటర్లలో వెనక బండిని ఆపడం కష్టం. లాగే బండి బరువు లాగబడేదానికి తగ్గకూడదు. జిప్సీ దాదాపు టన్ను ఉంటుంది, డీజిల్ జీపు అంతకంటే బరువు. చిన్న కారుతో ఆ పని పెట్టుకోకూడదు.

వెనక బండి డ్రైవర్‌ది అసలైన పని. ఇంజన్ నడవదు కనుక బ్రేకు బూస్టర్‌కు వాక్యూమ్ ఉండదు. రెండు మూడు తొక్కుళ్ల తర్వాత పెడల్ రాయిలా అవుతుంది, కాలి బలమంతా పెట్టాలి. పవర్ స్టీరింగ్ ఉంటే అదీ మొండికేస్తుంది. స్టీరింగ్ లాక్ ఉన్న బండిలో తాళం చెవిని ఆన్ వైపు తిప్పి ఉంచకపోతే మొదటి మలుపులోనే స్టీరింగ్ బిగుసుకుపోతుంది. మోకు ఎప్పుడూ బిగువుగా ఉండేలా వెనక డ్రైవరే తేలిగ్గా బ్రేకు వేస్తూ రావాలి. వదులైన మోకు చక్రం కింద పడుతుంది, లేదా మళ్లీ బిగిసేటప్పుడు పెద్ద కుదుపిస్తుంది. ఘాట్ రోడ్డు దిగుడులో మోకుతో లాగడం అసలు మానుకోవాలి. అక్కడ ఇనుప బార్ కానీ, చక్రాలెత్తే బండి కానీ, లారీ కానీ కావాలి.

బురదలోంచి తీయడం

దిగబడిన బండిని తీయడం రోడ్డు మీద లాగడం లాంటిది కాదు, దానికి ఎన్నోరెట్లు బలం పడుతుంది. మోకు కట్టేముందు చక్రాల ముందున్న మట్టిని తవ్వి ఏటవాలు చేయాలి, ఇసుకలో అయితే టైర్లలో గాలి 15 నుంచి 18 పీఎస్ఐ దాకా దింపాలి. సగం బండ్లు దీనికే బయటికి వస్తాయి. తిరిగి రోడ్డెక్కే ముందు గాలి నింపడం మాత్రం మరవకూడదు.

మోకును చాసిస్‌కు బిగించిన కొక్కేనికే తగిలించాలి. బంపర్‌కు, యాక్సిల్‌కు, కమాను షాకిల్‌కు, స్టీరింగ్ రాడ్‌కు కట్టకూడదు. ట్రాలీ తగిలించే గుండ్రటి టో బాల్‌కు అసలే కట్టకూడదు. అది తెగితే తుపాకీ గుండులా ఎగురుతుంది, అలా మనుషులు చనిపోయిన ఘటనలున్నాయి. సాగే నైలాన్ స్ట్రాప్ 20 నుంచి 30 శాతం దాకా సాగి, రబ్బరులా వెనక్కి లాగుతుంది కనుక కుదుపుతో లాగడానికి అదొక్కటే పనికొస్తుంది. పాలిస్టర్ బెల్టు, ఇనుప గొలుసు సాగవు. వాటితో కుదుపు ఇస్తే కొక్కెం ఊడుతుంది లేదా గొలుసు తెగుతుంది. స్ట్రాప్‌నూ కొక్కేన్నీ కలిపేందుకు విల్లు షాకిల్ వాడితే దాని మీద బరువు ముద్ర చూడాలి. ఈ సైజు బండ్లకు 3.25 లేదా 4.75 టన్నుల ముద్ర ఉన్నది వాడుకలో ఉంది. ముద్ర లేనిది ఎంత లావుగా ఉన్నా నమ్మదగింది కాదు. మరను పూర్తిగా బిగించి పావు చుట్టు వెనక్కి తిప్పితే, బలం పడ్డాక కూడా చేత్తో విప్పడానికి వస్తుంది.

మోకు మధ్యలో తడి గోనెసంచి కప్పాలి. తెగితే ఆ బరువు దాన్ని నేలకు పడేస్తుంది. చూడవచ్చిన జనాన్ని మోకు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో నిలబెట్టాలి, మోకును దాటనివ్వకూడదు. ఊళ్లో ఒక జీపు దిగబడితే పదిమంది మోకు పక్కనే చేరతారు. వాళ్లను జరపడమే ఈ పనిలో అన్నిటికంటే ఓపిక పట్టే భాగం.

షెడ్డుకు చేరాక

బండి ఆగగానే వెనక హబ్‌లను, డిఫరెన్షియల్‌ను చేత్తో తాకి చూడాలి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే అక్కడ బేరింగు ఎండిందని అర్థం, మరమ్మతు చిట్టాలో అదీ చేరాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను పెయింటు గీతలు కలిసేలా పెట్టి బోల్టులన్నీ బిగించాలి. షాఫ్ట్ తీసిన చోట కారిన నూనెకు సరిపడా తిరిగి పోయాలి. తర్వాత చక్రాల రాళ్లను కొద్దిగా ఎడంగా జరిపి, హ్యాండ్‌బ్రేకు లాగి, బండి తోసి చూడాలి. చివరగా హబ్‌లు లాక్‌లో పెట్టి, మట్టి నేల మీద ఫోర్ హై, ఫోర్ లో రెంటిలోనూ నాలుగు మీటర్లు ముందుకూ, నాలుగు మీటర్లు వెనక్కూ నడిపి, లివర్ ప్రతిసారీ తేలిగ్గా టూ హైకి వస్తోందో లేదో చూసుకోవాలి. హబ్‌లను లాక్‌లో ఉంచాలో ఫ్రీలో పెట్టాలో ఆ తర్వాత తేల్చుకుని బండిని యజమానికి అప్పగించాలి.